పొట్ట సాక్ష్యం

“పది సేర్ల నూలు తీస్కపోయినవు. తొమ్మిది సేర్ల బట్ట తెచ్చినవు. గా సేరు నూలు ఏడవాయె అంబదాసూ?”

సావుకారి లింగమూర్తి అడుగుతున్నది అంబదాసును. చూస్తున్నది మాత్రం అతని పొట్టను. సిరిసిల్లలో మగ్గం నేసేవాళ్లంతా ఎముకల గూళ్లయితే, అంబదాసు ఒక్కడే నిండు బస్తాలా ఉంటాడు. అదే అతని పాపమైంది.

“ఇచ్చిన నూలంత నేసిన సావుకారీ. పోగు గూడ దాసుకోలే.”

“మరి గా పొట్ట ఏం తిని పెరిగింది? నా నూలు అమ్ముకొని బువ్వ తింటున్నవు.”

“బువ్వ మొకం సూడక రెండు నెలలాయె,” అంది శంకరవ్వ, మొగుడి వెనక నిలబడి. “బరువు తగ్గకుంటె గుండె ఆగుతదని కరీంనగర్ దవాఖానల చెప్పిన్రు. పొద్దుమాపు జొన్న గట్కనే పోస్తున్న. మీ తరాజుల్నే గద తూగుతుండు.”

“తూగుతుండు, నేను కాదంటున్ననా? మొదటి నెల తొంభై రెండు సేర్లున్నోడు ఎనభై ఆరుకు దిగిండు. అటెన్క? నెల తిరిగినంక మొన్న మల్ల ఎక్కితె గదే ఎనభై ఆరు. పలం గూడ కదలలే. గట్క తాగేటోడు గిట్లుంటడా?”

అంబదాసు తల వంచుకున్నాడు. ఆ ఎనభై ఆరు అతనికీ అంతు పట్టలేదు. ధోతి వదులైంది. మగ్గం గుంతలోకి దిగితే మునుపటి ఆయాసం లేదు. తరాజు మాత్రం ఒప్పుకోదు. మొదటి నెల సోమవారాలు, బట్ట ఒప్పజెప్పగానే ఎక్కేవాడు. తరుగు గొడవ మొదలయ్యాక ఆ రోజు అడగడానికి మొహం చెల్లక నెల ఊరుకుని, మొన్న గురువారం నూలు తీసుకునేటప్పుడు ఎక్కాడు. రోజు ఏదైతేనేం, దూలానికి వేలాడే తరాజు ఒక్కటే కదా.

లింగమూర్తి అక్కడికక్కడే తీర్పు చెప్పేశాడు.

“రేపటి సంది నేను ఎములాడ రాజన్న గుడి కాడ ఉంట. గందుకే గురువారం నూలు గూడ ఇయ్యాల్నే ఇస్తున్న. ఎక్కు. తగ్గినవంటె నీ మాట నిజం, నూలు తీస్కపో. గా ఎనభై ఆరే ఉంటె నువ్వు దొంగవు. నీ మగ్గం మూలకు వడ్డట్టే.”

మనిషి నీతిని పొట్టతో తూచే న్యాయం సావుకార్లకే తోస్తుంది. నోరెత్తితే నూలు బంద్. అంబదాసు కళ్లు మూసుకుని తట్టలో కూర్చున్నాడు.

బట్ట తూచిన రాళ్లు పక్కనే ఉన్నాయి. లింగమూర్తి తన చేత్తోనే వాటిని అవతలి తట్టలో పేర్చాడు. ఎనభై ఆరు సేర్లు పడగానే రాళ్ల తట్ట దభీమని నేలకు దిగింది. అంబదాసు గాల్లోకి లేచాడు. ఒక రాయి తీశాడు. ఇంకా గాల్లోనే. ఇంకోటి తీశాడు. డెబ్బై ఎనిమిది దగ్గర ముల్లు నిలిచింది.

“రాజన్నా, బతికిచ్చినవు తండ్రీ,” అని శంకరవ్వ కొంగుతో కళ్లు ఒత్తుకుంది.

అంబదాసు ఛాతీ మీద నెల రోజులుగా కూర్చున్నదేదో లేచిపోయింది. గుండె నిలిచింది, మగ్గం నిలిచింది, పేరు నిలిచింది. తట్టలోంచి దిగగానే, అరుగు మీద ఉన్న నేతగాళ్లంతా అతని వీపు తట్టారు. అన్న మాటకు కట్టుబడక లింగమూర్తికి తప్పలేదు. బట్ట రాళ్ల మసి నూలుకు అంటుతుందంటూ అతను నూలుకు వేరే రాళ్లు వాడతాడు. బట్ట రాళ్లు దించి పక్కన పెట్టి, నూలు రాళ్ల గంప బయటికి ఈడ్చి, నూలు తేవడానికి లోపలి అర్రలోకి పోయాడు.

అప్పుడే భుజాన బట్ట తానుతో బుచ్చిరాములు వచ్చాడు. అతనిదీ నేత పనే. లెక్క అరుగు మీదే విన్నాడు.

“డెబ్బై ఎనిమిదా? నేను నమ్మ బావా. నా కండ్ల ముందట ఎక్కు.”

“ఎక్కుత గని, జర నీళ్లు తాగనియ్యి. గొంతెండింది.”

చెంబెడు నీళ్లు తాగి అంబదాసు పెళ్లికొడుకులా తట్టలో కూర్చున్నాడు. బుచ్చిరాములు చేతికందిన గంపలోంచి రాళ్లు తీసి పేర్చాడు. డెబ్బై ఎనిమిది. తట్ట లేవలేదు. ఎనభై. లేవలేదు. ఎనభై ఆరు పడితే గాని ముల్లు నిలవలేదు.

అరుగు మీది వాళ్లు లేచి ముల్లు దగ్గరికి వచ్చారు.

“గా నీళ్లెందుకు తాగినవయ్యా,” అంది శంకరవ్వ ఏడుపు గొంతుతో.

లింగమూర్తి నూలు కట్టతో బయటికి వచ్చాడు. “మల్ల ఎక్కిండా? ఎంతొచ్చింది?”

“ఎనభై ఆరు,” అన్నాడు బుచ్చిరాములు.

“సూసిన్రా? నేను ముందే చెప్ప...”

చూపు నూలు రాళ్ల గంప మీద పడింది. ముఖం సున్నం కొట్టిన గోడైంది.

సావుకారి ఎటు చూశాడో అంబదాసు చూశాడు. తొందర పడకుండా తట్టలోంచి దిగి, అవతలి తట్టలోని రాళ్లన్నీ దించాడు. బట్ట తూచిన రాళ్లలోంచి అయిదు సేర్ల రాయి ఒకటి తెచ్చి ఈ తట్టలో పెట్టాడు. నూలు రాళ్లలోంచి అయిదు సేర్ల రాయి ఒకటి తెచ్చి ఆ తట్టలో పెట్టాడు. రెండింటి మీదా ఒకే అంకె చెక్కి ఉంది. బట్ట రాయి నేలకు దిగింది. నూలు రాయి గాల్లో ఊగింది.

“పరేషాన్ గాకు సావుకారీ,” అన్నాడు అంబదాసు, రెండు నెలల్లో మొదటిసారి కడుపారా నవ్వుతూ. “నీ నూలు రాయి గూడ నా తీర్గనే గట్క తాగుతున్నట్టుంది.”