ఊ కొట్టే ప్రేక్షకుడు

"ఇప్పుడేం జరుగుతోందమ్మా?"

"ఏమీ జరగడం లేదు మావయ్యా," అంది కోడలు ఆయన చెవి దగ్గరకు వంగి. "ముసలాయన కిటికీ పక్కన కూర్చుని బంగాళాదుంపల చెక్కు తీస్తున్నాడు."

"ఇందాక కూడా అదే చెప్పావు."

"ఇందాక కూడా అదే చేశాడు మరి."

ముందు వరుసలోంచి ఎవరో వెనక్కి తిరిగి ఉష్ అన్నారు. కోడలు గొంతు ఇంకాస్త తగ్గించింది. తెర మీద వాన చప్పుడు, కత్తి చప్పుడు తప్ప మాటా పలుకూ లేవు. దీనికి ఉత్తమ చిత్రం అవార్డు వచ్చిందని గుమ్మం దగ్గర బోర్డు మీద పెద్ద అక్షరాలతో రాశారు. ఎవరిచ్చారో గానీ వాళ్ళ ఓపికకు ఓ దణ్ణం అనుకుంది.

మామగారు ఒకప్పుడు సినిమా ఎడిటర్. బతుకంతా చీకటి గదిలో బొమ్మలు కత్తిరించి అతికించిన మనిషి. ఏటా కొన్నాళ్ళు ఏదో పని మీద పై ఊరు వెళ్ళేవారనీ, తిరిగొచ్చాక ఎవరైనా సినిమాకి వెళ్దామంటే కస్సుమనేవారనీ అత్తగారు బతికున్న రోజుల్లో నవ్వుతూ చెప్పేది. రెండేళ్ళ క్రితం ఆయన చూపు పూర్తిగా పోయింది. ఇప్పుడు మాత్రం ఆదివారం వస్తే ఫిల్మ్ క్లబ్బుకు తీసుకెళ్ళమంటారు. అక్కడ వేసేవన్నీ పాత అవార్డు సినిమాలే. వాటిలో దేనికి వెళ్ళాలో, దేనికి మానాలో ఆయనే తేలుస్తారు. మొదటిసారి కొడుకు వెంటబెట్టుకుని వెళ్ళాడు. తెర మీద పేర్లు పడటం పూర్తికాకముందే గురక పెట్టాడు. దాంతో ఆ బాధ్యత కోడలి నెత్తిన పడింది.

ఆమెకు ఈ సినిమాలు పడవు. సినిమా అంటే నాలుగు పాటలుండాలి, రెండు ఫైట్లుండాలి, తప్పిపోయినవాళ్ళు దొరకాలి, చివర్లో అందరూ ఒకే ఫొటోలో ఇరుక్కుని నవ్వాలి. ఆ నవ్వు చూసి ఏడవడానికి ఆమె ఏనాడూ సిగ్గుపడలేదు. పైగా చేసేది నర్సరీ బడిలో టీచరుద్యోగం. ఊ కొట్టేవాళ్ళుంటే కథను ఎంత దూరమైనా లాక్కుపోతుంది, లేకపోతే అడుగు ముందుకు పడదు.

మొదట్లో తెర మీద ఉన్నది ఉన్నట్టే చెప్పేది. మామగారు రెండు ఊలు కొట్టి ఊరుకునేవారు. ఆ తర్వాత ఎంత చెప్పినా ఉలుకూ పలుకూ ఉండేది కాదు. కళ్ళు పోయిన మనిషికి మిగిలిన సరదా ఇదొక్కటే, అదీ ఇంత చప్పగా ఉండాలా అని ఆమెకు ప్రాణం ఉసూరుమనేది. ఒక ఆదివారం ఉండబట్టలేక, తెర మీద విడిపోయిన మొగుడూ పెళ్ళాలను తన నోటితో కలిపేసింది. మామగారు గట్టిగా ఊ కొట్టారు. అంతే, ఆ రోజు నుంచి ఆమెకు పట్టపగ్గాలు లేకుండా పోయాయి.

తెర మీద కుక్క మొరిగింది.

"ఎవరో వచ్చినట్టున్నారే?" అన్నారు మామగారు.

ఎవరూ రాలేదు. ముసలాయన తలెత్తి బయటికి చూసి, మళ్ళీ ఇంకో దుంప అందుకున్నాడు. కోడలు ఒక్క క్షణం తటపటాయించింది.

"తమ్ముడు మావయ్యా! చిన్నప్పుడు అలిగి పారిపోయిన తమ్ముడు. గుర్రం మీద వచ్చాడు. నిలువునా తడిసి ముద్దయ్యాడు."

"ఊ! ఈయన చేతిలోది జారవిడిచి ఉంటాడు పాపం."

"అవును మావయ్యా," అంటూండగానే తెర మీద కత్తి బల్ల మీద పడి టక్కుమంది. చూపు పోతే చెవులు పదునెక్కుతాయంటారు, నిజమే కాబోలనుకుంది కోడలు.

"ఊ, తర్వాత?"

తర్వాత అన్నదమ్ములు వాటేసుకున్నారు. పాత కోపాలన్నీ ఆ వానలోనే కొట్టుకుపోయాయి. ఇద్దరూ ఒకే దుప్పటి కప్పుకుని పొయ్యి ముందు కూర్చున్నారు. మామగారి కళ్ళు చెమర్చాయి. తను పుట్టించిన తమ్ముడి మీద తనకే ప్రేమ పొంగుకొచ్చి కోడలు కూడా కళ్ళొత్తుకుంది.

లైట్లు వెలిగాయి. ఎప్పుడూ సినిమా తర్వాత జరిగే చర్చ మొదలవకముందే కోడలు ఆయన్ను తీసుకుని జారుకునేది. ఈసారి క్లబ్బు కార్యదర్శి అడ్డం వచ్చేశాడు.

"ఎడిటర్ గారూ, ఇవాళ మిమ్మల్ని వదిలేది లేదు. ఈ సినిమా గురించి రెండు ముక్కలు చెప్పాల్సిందే."

హాలంతా చప్పట్లు కొట్టింది. మామగారు చేతికర్ర కోసం తడుముకుంటున్నారు. కోడలు హడలిపోయింది. ఇంతమందిలో నిలబడి లేని గుర్రం గురించి చెబితే ఇంకేమైనా ఉందా? ఇన్నేళ్ళు సంపాదించుకున్న పేరు ఒక్క పూటలో నవ్వులపాలైపోతుంది, అదీ తన మూలంగా. చప్పున ఆయన చొక్కా చెయ్యి పట్టుకుంది.

"మావయ్యా, తమ్ముడు రాలేదు."

"ఏ తమ్ముడమ్మా?"

"సినిమాలో తమ్ముడు. అసలతనికి తమ్ముడే లేడు. ఊరికే కుక్క మొరిగిందంతే."

"మరి గుర్రం?"

"గుర్రమూ లేదు, దుప్పటీ లేదు." ఆమె కళ్ళలో నీళ్ళు తిరిగాయి. "పోయిన వారం సినిమాలో పెళ్ళి కూడా జరగలేదు. మీరు ఊ కొట్టడం మానేస్తే చూడలేక నేనే అల్లేశాను. గుడ్డివాణ్ణి చేసి ఆడించిందని తిట్టండి, పడతాను. స్టేజీ మీద మాత్రం ఆ ముక్కలు చెప్పకండి."

ఆయన కోపగించుకోలేదు. ఆమె చేతి మీద మెల్లగా తట్టారు.

"రాలేదని తెలుసులేమ్మా. ఆ ముసలాయన దగ్గరికి ఇన్నేళ్ళకు ఎవరో ఒకరు వచ్చారు కదా అని సంతోషించాను. వచ్చే ఆదివారం కూడా నువ్వే చెప్పాలి."

"తెలుసా? ఎలా తెలుసు మావయ్యా?"

మామగారు చేతికర్ర అందుకుని, స్టేజీ వైపు ఒక అడుగు వేసి ఆగారు.

"ఈ సినిమాలన్నిటికీ అవార్డులిచ్చింది నేనేనమ్మా."