బంకర్లో ఇద్దరే

"ఆపవయ్యా," అన్నాడు రిటైర్డ్ కల్నల్ లుక్యానోవ్. సోవియట్ కాలపు క్షిపణి బంకర్ మీద తీస్తున్న సినిమా షూటింగ్ ఆగింది. అణు క్షిపణి మీట ముందు చెమటలు కక్కుతున్న హీరోకి ఆయన పేరే పెట్టారు.

"ఈ ఏడుపు మొహం నేనా? అమెరికాతో యుద్ధం వస్తుందనుకున్న ఆ రోజు బంకర్లో ఉన్నది ఇద్దరమే. మిగతా జవాన్లంతా సమష్టి వ్యవసాయ క్షేత్రంలో బంగాళాదుంపలు తవ్వుతున్నారు. రాకెట్లో ఇంధనం నింపే దిక్కే లేదు."

దర్శకుడు గ్లేబ్ బిత్తరపోయాడు. "మరి క్షిపణి సిద్ధమేనా అని మాస్కో అడిగితే ఏం చెప్పారు, కల్నల్ గారూ?"

"సిద్ధంగా ఉన్నామన్నాను. దుంపల సంగతి చెప్పి ఉద్యోగం పోగొట్టుకోమంటావా?" కల్నల్ పకపకా నవ్వాడు. "మీ సినిమావాళ్లకి ఇవన్నీ ఏం తెలుసులే."

"అంటే, మీ మాట నమ్మేనా మాస్కో ఆ సాయంత్రం అమెరికాని బెదిరించింది?"

కల్నల్ నవ్వు ఆగిపోయింది. నలభై ఏళ్లుగా ఈ కథ విందుల్లో చెప్పి నవ్విస్తున్నాడు. ఈ ప్రశ్న ఎవరూ అడగలేదు.

"హీరోకి వేరే పేరు పెట్టుకో, బాబూ," అన్నాడు చివరికి.