తేలిక కడ్డీ

"ఇంక నా వల్ల కాదే. పోయిన ఉంగరం పోయింది," అంటూ అతను మెటల్ డిటెక్టర్‌ను గోడకు ఆనించాడు. కుడి భుజం పట్టేసింది.

భార్యకు భయం పట్టుకుంది. ఫ్యాక్టరీ మూతపడ్డాక ఈ మనిషి నెలల తరబడి గోడవైపు తిరిగి పడుకున్నాడు. రోజూ నడవకపోతే గుండెకు ముప్పని డాక్టరు మొత్తుకున్నా చెవిన పెట్టలేదు. సముద్రపొడ్డున పెళ్ళి ఉంగరం పోయిందని ఆమె ఏడ్చిన రోజున మాత్రం లేచాడు. ఎవరో పడేసిన పాత డిటెక్టర్ తెచ్చి తనే బాగుచేసుకుని, రోజూ ఇసుకంతా గాలిస్తున్నాడు. ఇన్నాళ్ళకూ దొరికినవి రాగి నాణేలు, ఒక ఇత్తడి తాళంచెవి, ఒక అల్యూమినియం చెంచా.

"ఒడ్డు నిండా తుప్పు మేకులేనట. మీకవి కూడా దొరకవేం?" అని ఆమె ఏడిపించేది.

ఇప్పుడు మానేశాడంటే మళ్ళీ మంచమే.

మర్నాడు ఆమె బజారు నుంచి పొడవాటి పొట్లం తెచ్చింది.

"కార్బన్ ఫైబర్ కడ్డీ అటండీ. పాతది తీసేసి ఇది బిగించుకుంటే బరువే తెలియదట."

"ఒక్క ఉంగరానికి ఇంత హైరానా ఎందుకే? ఇంకోటి చేయించుకుందువుగానీ."

"నాకదే కావాలి!"

మారు మాట్లాడితే ఇంట్లో అన్నం పుట్టదని అతనికి తెలుసు. పాత కడ్డీ ఊడదీసి, కొత్తదాని అడుగున లోహాన్ని పసిగట్టే గుండ్రటి పళ్ళెం బిగించాడు. వైరు చుట్టి, మోచేతి పట్టీ సరిచేసి ఎత్తి చూశాడు. చిన్నపిల్లాడిలా మురిసిపోయాడు.

"చేతిలో ఉందో లేదో తెలీట్లేదే!"

స్విచ్చి వేసి గదిలో అటూ ఇటూ ఊపుకుంటూ తిరిగాడు. కిటికీ పక్కనున్న ఆమె కుట్టుబుట్ట మీదికి రాగానే యంత్రం కుయ్యిమంది.

ఆమె పరుగున వచ్చి బుట్ట లాక్కుంది. "కత్తెరా సూదులూ ఉన్నాయండీ ఇందులో! ఇనుముకి మోగదా మరి?"

అతను బుట్టను చూశాడు. బుట్టను గుండెకు అదుముకున్న ఆమెనూ చూశాడు. స్విచ్చి కట్టేశాడు.

"ఎందుకు మోగదూ? ఇనుమే," అన్నాడు చెప్పులేసుకుంటూ. "పద, ఇవాళ ఆ రాళ్ళ అవతల కూడా వెతుకుదాం. ఈ కడ్డీతో ఇంకో పదేళ్ళయినా తిరగొచ్చు. నువ్వూ రా."

ఆమె హమ్మయ్య అనుకుని బుట్టను బీరువాలో పెట్టి, తాళం వేసి వచ్చింది. అతను ఆమె చెయ్యి పట్టుకుని గుమ్మం దాటాడు.

ఇనుముకు మోగకుండా ఆ యంత్రాన్ని అతను మొదటిరోజే సరిచేసుకున్నాడు.