మూడో బటన్

“ఏందమ్మా ఇది? అంగడి నాది. చంద్రగాడి ఫోన్లో పది బటన్లు, నా ఫోన్లో రెండేనా?”

ధర్మవరం పట్టుచీరల వ్యాపారి ఆదినారాయణ అరుపుకు బేరాలాడుతున్న ఆడవాళ్ళంతా తలలు తిప్పారు. అంగడి వెబ్‌సైటు కోసం సాఫ్ట్‌వేర్ స్క్రీన్లు గీసి, హిందూపురం నుంచి పొద్దున్నే బస్సెక్కి వచ్చింది మహేశ్వరి. పాపం, కాఫీ గ్లాసు పక్కన పెట్టేసింది.

“చంద్ర ఫొటోలు తీయల్ల, వివరాలు రాయల్ల సార్. అందుకే ఆయనకన్ని. మీరు రేటు వేసి ‘సరే’ అంటే చీర వెబ్‌సైట్లోకి పోతుంది. ‘వద్దు’ అంటే ఆగిపోతుంది. ఎవరి పనికి తగినవి వాళ్ళకు.”

“అంతవరకు రేటు ఎవరికీ కనబడదు గదా?”

“మీకు తప్ప నరమానవుడికి కనబడదు.”

“అదీ కావాల్సింది! మన చీర బీరువాలోంచి దిగకముందే ఎదురంగడి రఘునాథ్ అదే రేటు పెడతాండాడు. ఎవడో మన రేట్లు ఆడికి మోస్తాండాడు.” ఆదినారాయణ సేల్స్‌మన్ చంద్రను గుడ్లురిమి చూశాడు. “ఇంకొక్క రేటు పొక్కిందా, వీణ్ణి ఇంటికి పంపిస్తా!”

“దేవుని తోడు సార్, నాకేం తెల్దు” అన్నాడు చంద్ర. ఇద్దరు పిల్లల తండ్రి. మొహంలో నెత్తురు చుక్క లేదు. ఇతని ఉద్యోగం తన సాఫ్ట్‌వేర్ మీద పడిందేమిటా అని మహేశ్వరి హడలిపోయింది.

సరే, చంద్ర ఒక చీర ఫొటో పంపాడు. ఆదినారాయణ ఫోన్ చూశాడు, పైకప్పు చూశాడు, “నీళ్ళు తాగొస్తా” అని అంగడి వెనకున్న ఇంట్లోకి వెళ్ళాడు. వచ్చి రేటు వేసి ‘సరే’ నొక్కాడు. రెండో చీరకూ నీళ్ళే. మూడో చీరకూ నీళ్ళే. పెద్దాయనకు షుగరుందేమో అనుకుంది మహేశ్వరి.

మళ్ళీ లేచినప్పుడు తనకూ దాహమన్న వంకతో వెనకాలే వెళ్ళింది. వంటింట్లో ఆదినారాయణ ఫోన్ చాచి పట్టుకుని నిలబడ్డాడు. ఆయన భార్య రుక్మిణమ్మ చారు తిప్పుతూ ఓరకంట చూసింది.

“ఆ అంచుకు ఆ రేటా? మతి ఉండాదా నీకు? ఇంకాస్త ఎక్కించు.”

ఓరి నాయనో! రేట్లు వేసే మనిషి ఇక్కడుంటే, తాను గీసిన స్క్రీన్లలో ఆమెకు చోటే లేదు. పోనీ ఆ మాట పైకంటే ఈయన మీసం ఏం కావాలి? మహేశ్వరి చప్పుడు చేయకుండా వెనక్కి వచ్చి, ల్యాప్‌టాప్ తెరిచి మూడో బటన్ పెట్టింది. ‘ఆలోచించి చెప్తా.’

“ఇది నొక్కితే చీర అమ్మగారి ఫోన్లోకి పోతుంది సార్. అమ్మగారు వేసిన రేటు మీరు వేసినట్టే వస్తుంది. ఎవరికీ తెలీదు” అని మెల్లగా చెవిన వేసింది.

ఆదినారాయణ అటూ ఇటూ చూసి, గొంతు సవరించుకుని, అంగడంతా వినబడేలా అన్నాడు. “ఓనరుకు తగిన బటన్ అంటే ఇదీ! ఆలోచించకుండా నేనే పనీ చేయను!”

పని ఒప్పుకున్నాడు. హమ్మయ్య అనుకుని మహేశ్వరి బ్యాగు తగిలించుకుని బయల్దేరుతుంటే, రుక్మిణమ్మ పెరటి గుమ్మంలోంచి చెయ్యూపి పిలిచింది.

“మా తల్లే, నా ఫోన్లోనూ ఆ మూడో బటన్ పెట్టియ్యమ్మా.”

“మీరింకెవర్ని అడగల్లమ్మా?”

“మా చెల్లెలు సరస్వతిని. దాన్ని అడగందే నేను ఏ చీరకూ రేటు చెప్పను.”

“ఆమె యాడుంటుంది?”

“ఈడే, ఎదురంగట్లో. రఘునాథ్ పెండ్లామే గదా. మొగోళ్ళిద్దరికీ మాటల్లేవు. మాకూ లేవనుకుంటాండారు.”

మహేశ్వరి బ్యాగు కింద పెట్టేసింది. “అయ్యో! మళ్ళీ రేటు పొక్కిందని సార్ పాపం చంద్రను తీసేస్తే?”

“తీసేయనీలే. ఆ సాయంత్రానికే ఎదురంగట్లో చేర్చుకుంటాం.”

“చేర్చుకుంటామంటే? ఆ అంగడితో మీకేం సంబంధమమ్మా?”

రుక్మిణమ్మ జాలిగా చూసింది.

“పిచ్చిపిల్లా, రెండంగళ్ళూ నడిపేది మేమిద్దరమే గదా!”