జూన్ ఒకటి

షారోన్ సీటు పోగొట్టింది నెట్ సెంటర్లో కూర్చునే ఆ కొత్తవాడు. యానాం ఫరంపేటలో ఇది తేలిపోయిన సంగతి.

షారోన్ పౌలు కూతురు. తల్లి పోయింది. పౌలు గోదావరి మీద చేపల వేటకెళ్లి ఆ పిల్లని ఇంటర్ దాకా చదివించాడు.

రెండు వేల తొమ్మిదిలో ఇంటర్ అయ్యాక ఆ పిల్ల ఒక మాట చెప్పింది.

"కంప్యూటర్ సెక్యూరిటీలో ఉద్యోగం చేస్తాను నాన్నా. బ్యాంకుల కంప్యూటర్లలోకి దొంగలు జొరబడకుండా చూసే పని."

"వాచ్‌మన్ పనా? దానికి డిగ్రీ ఎందుకే? మన అమ్మన్న చెయ్యట్లేదూ, ఒక్క విజిల్‌తో?"

"బీటెక్ కంప్యూటర్ సైన్స్ చదవాలంట."

"ఎవడు చెప్పాడు?"

"నెట్ సెంటర్లో సెబాస్టియన్ సార్."

సెబాస్టియన్ వచ్చి నెల కాలేదు. మద్రాసు నుంచట. నలభై దాటిన మనిషి. దరియాలతిప్పలో గది తీసుకున్నాడు. పొద్దంతా నెట్ సెంటర్లో పిల్లల మధ్య కూర్చునేవాడు.

పౌలు వెళ్లి అడిగాడు.

"సెక్యూరిటీ అనే పేరుతోనే కోర్సు ఉందంట కదా. ఆర్నెల్లలో అయిపోద్దంట. దరఖాస్తులు నింపే గోపాలకృష్ణగారు చెప్పారు."

"బోర్డు చూసి చేరొద్దండి. ఇల్లు కట్టడం వచ్చినవాడికే దొంగ ఎటు దూరతాడో తెలుస్తుంది. ముందు నాలుగేళ్లు కంప్యూటర్ సైన్స్ చదవనివ్వండి. పిల్లకి లెక్కలు బాగా వచ్చు."

చెబుతూ పౌలు ముఖంలోకి అదే పనిగా చూశాడు. పౌలుకి ఆ చూపు నచ్చలేదు.

ఇంటికొచ్చి కూతురితో అన్నాడు, "మళ్లీ ఆ గుమ్మం తొక్కావంటే కాళ్లు విరగ్గొడతాను."

యానాం కోటాలో కంప్యూటర్ సైన్స్ సీట్లు రెండే. షారోన్‌ది రెండో ర్యాంకు. మూడో ర్యాంకు గోపాలకృష్ణ మేనల్లుడిది. ఊళ్లో పిల్లల దరఖాస్తులన్నీ గోపాలకృష్ణే నింపిపెట్టేవాడు. కాగితాల జెరాక్సులన్నీ ఆయన దగ్గరే ఉండేవి.

ఏ బ్రాంచి ముందు కావాలో కంప్యూటర్లో వరసగా పెట్టుకోవాలి. ఆఖరి రోజు సాయంత్రం ఐదు దాకా మార్చుకోవచ్చు. పాస్‌వర్డు పుట్టిన తేదీ.

ఆఖరి రోజు నాలుగింటికి సెబాస్టియన్ కబురు పెట్టాడు. షారోన్ తండ్రికి చెప్పకుండా వెళ్లింది.

"పాస్‌వర్డు మార్చావా అమ్మా?"

"లేదు సార్."

"మీ బడిలో ఒకే ఏడు చేరినవాళ్లందరికీ పుట్టినరోజు ఒకటే. హెడ్మాస్టరు జూన్ ఒకటి అని రాసేసేవాడు. నీ పేజీ ఎవడైనా తెరవొచ్చు."

"మా బడి సంగతి మీకెలా తెలుసు సార్?"

ఆయన గడియారం చూసి పేజీ తెరిపించాడు. మొదట సివిల్ ఉంది. కంప్యూటర్ సైన్స్ ఎక్కడా లేదు.

"నేను పెట్టలేదు సార్."

"తెలుసు. మార్చాలంటే హాల్ టికెట్ నంబరు అడుగుతోంది. పరిగెత్తుకెళ్లి తీసుకురా."

షారోన్ పరిగెత్తడం గోపాలకృష్ణ రోడ్డు మీంచి చూశాడు. తిన్నగా రేవుకెళ్లాడు.

"ఏరా పౌలూ, నువ్విక్కడ వల కుట్టుకుంటా కూర్చో. అక్కడ ఆ మద్రాసువాడు నీ పిల్ల పేజీ తెరిచి సివిల్ పెట్టేస్తున్నాడు."

పౌలు పడవలోంచి తెడ్డు తీసుకుని నడిచాడు.

నెట్ సెంటర్లో సెబాస్టియన్ ఒక్కడే ఉన్నాడు. ఎదురుగా షారోన్ పేజీ. పౌలు ఇంగ్లీషు అక్షరాలు కూడబలుక్కున్నాడు. సివిల్.

మొదటి దెబ్బ చెవి మీద పడింది. సెబాస్టియన్ కుర్చీతో సహా కూలాడు. లేవడానికి బల్ల మీద చెయ్యి వేశాడు. తెడ్డు అంచు ఆ వేళ్ల మీద దిగింది. ఎముకలు విరిగిన చప్పుడు వీధిలోకి వినబడింది. మూడో దెబ్బకి కంప్యూటర్ పగిలింది.

"పౌలూ, ఐదు దాటితే..." అన్నాడు సెబాస్టియన్, నోటి నిండా రక్తంతో.

పేరు పెట్టి పిలిచినందుకు పౌలు ఇంకోటి వేశాడు.

షారోన్ హాల్ టికెట్‌తో వచ్చింది.

"ఆయన కాదు నాన్నా. ఇంకా ఇరవై నిమిషాలుంది. వేరే సెంటర్‌కి పోనీ నన్ను."

చెంప మీద కొట్టాడు. జుట్టు పట్టి ఇంటికి ఈడ్చుకెళ్లాడు. గదిలోకి తోసి గొళ్లెం పెట్టాడు. తెడ్డు ఒళ్లో పెట్టుకుని తలుపు ముందు కూర్చున్నాడు.

లోపల ఆ పిల్ల తలుపు బాదుతూనే ఉంది.

ఐదింటికి ఆపేసింది.

జాబితా వచ్చింది. షారోన్‌కి సివిల్. కంప్యూటర్ సైన్స్ గోపాలకృష్ణ మేనల్లుడికి.

సెబాస్టియన్‌కి కుడి చేతి వేళ్లు రెండు తీసేశారు. ఒక చెవి పోయింది. పోలీసులు అడిగితే మెట్ల మీంచి పడ్డానన్నాడు. కట్టు విప్పకుండానే మద్రాసు వెళ్లిపోయాడు.

వారానికి బడి టీచరు ఎస్తేర్‌రాణి పౌలు ఇంటికొచ్చింది. చంకలో పాత రిజిస్టరు ఉంది.

"వెళ్లేముందు ఆయన బడికొచ్చారు పౌలుగారూ. మద్రాసులో ఏదో బ్యాంకు కంప్యూటర్లకి ఆయనే కాపలా అంట. పాస్‌వర్డు పుట్టిన తేదీ అని పేపర్లో చూసి సెలవు పెట్టుకుని వచ్చారంట. ఈ ఏడు దరఖాస్తు పెట్టిన మన బడి పిల్లలు పదకొండు మంది. పది మందివి మార్పించారు."



ఆమె రిజిస్టరు తెరిచింది. పంతొమ్మిది వందల డెబ్భై నాలుగు, ఒకటో తరగతి. సెబాస్టియన్, జూన్ ఒకటి. దాని కిందే పౌలు, జూన్ ఒకటి.

"తనకి పలక లేకపోతే ఏడాదంతా మీ పలక మీదే రాసుకున్నారంట. గుర్తుపడతారేమోనని చూశారంట."

పౌలు రిజిస్టరు మూసి ఆమె చేతిలో పెట్టాడు.

"ఈ మాట ఇంకెప్పుడూ ఎత్తకండి టీచరుగారూ. నేనూ ఎత్తను."

ఎత్తలేదు.