రెక్కకో లెక్క

మా జామతోటలో ఒక్కో కాయ ఏనుగు తలకాయంత ఉండేది. నమ్మకపోతే మానెయ్యండి, నాకేం! ఆ తోటలో మాణిక్యం అనే చిలక గాలివానకి రెక్క విరగ్గొట్టుకుంది. ఇక ఎగరలేదు కదా పాపం అని, పిట్టలన్నీ కలిసి పూటకో కాయ తెచ్చి ఇచ్చేవి.

ఒకనాడు కాకి గవరయ్య చూసేసరికి, మాణిక్యం సగం కాయ ఉడుతకి పెట్టేస్తోంది. ఉడుత గెంతి గెంతి కొమ్మ ఊపుతుంటే ఈవిడ కళ్లు మూసుకుని ఊగుతోంది! గవరయ్య అరిచిన అరుపుకి ఏడూళ్ల కుక్కలు లేచాయి.

“కాయ పొట్టకిచ్చామా, ఊయలకిచ్చామా? లెక్క చెప్పేదాకా కాయ బంద్!”

పిట్టలన్నీ మూగాయి. కాయ ఆగితే పస్తే.

“ఊగితే ఈకల్లోకి గాలొస్తుంది బాబాయ్. ఎగిరినట్టుంటుంది. అందుకే సగం కడుపు మాడ్చుకుంటున్నా,” అంది మాణిక్యం. అంతలో కాకి ముక్కు కేసి చూసింది. “అవునూ, నీ ముక్కుకి అంటుకున్నది ఈ తోట బామ్మగారి గుమ్మడి వడియం కాదూ? రెక్క విరిగినవాళ్లకేనా లెక్క, రెక్కలున్నవాళ్లకి లేదా?”

పిట్టలు నవ్విన నవ్వుకి తోటలో కాయలన్నీ రాలిపోయాయి. మాణిక్యానికి ఆ పూట రెండు కాయలు దక్కాయి.

గవరయ్య మాత్రం ఇప్పటికీ ఎక్కడ వాలినా తల అటూ ఇటూ తిప్పి చూసుకుంటాడు, ఎవరైనా లెక్క అడుగుతారేమోనని. అడిగేది నేనే. ఎకరం మేర ఎండబెట్టిన ఆ వడియాలు నావి మరి!