వెనకాల ఒకడున్నాడు

తిరుమల సైకిల్ ఆపి వెనక్కి తిరిగి చూసింది.

ఉన్నాడు.

మట్టిదారి మలుపులో, పొట్ట ముందు తాను వెనక అన్నట్టు, మెల్లగా తొక్కుకుంటూ వస్తున్నాడు.

ఆమె ప్రాణం కుదుటపడింది. ఆ మనిషి ఉన్నంతసేపు తాను ఆఖరు కాదు.

పొద్దున మడికొండలో బయలుదేరిన పద్దెనిమిది సైకిళ్లలో పదహారు ఎప్పుడో గుట్టల అవతలికి దాటిపోయాయి. పాలకుర్తి దారిలో ఇక మిగిలింది వీళ్లిద్దరే.

ఆఖరు కాకూడదన్నది తిరుమలకు సరదా కాదు. మట్టెవాడలో ఇల్లు, వంట, పద్నాలుగు నెలల బిడ్డ తప్ప వేరే లోకం లేని ఆమెను గల్లీ దాటించేది ఈ సైకిలొక్కటే. దాన్ని అమ్మేయమని అత్త అనసూయ నెల రోజులుగా పోరుతోంది. చివరికి భర్త సాయితేజ తీర్పు చెప్పేశాడు.

"ఒక్కసారి పోయిరా. కానీ అందర్ల ఆఖరుకొచ్చినవనుకో, అమ్మ చెప్పినట్టే అమ్ముడు. మల్ల ఏడ్వొద్దు."

బయలుదేరే ముందు సైకిల్ గ్రూపు పెద్ద చంద్రమౌళి అందరినీ నిలబెట్టి ఏవేవో జాగ్రత్తలు చెప్పాడు. ఆమె ఒక్కటీ వినలేదు. బిడ్డ పాలు తాగిందా లేదా అని ఇంటికి ఫోన్ చేస్తూనే ఉంది.

మొదట్లో ఆ మనిషిని చూసి గుండె దడదడలాడిన మాట నిజమే. పత్తి చేల నడుమ ఎవడో వెంటపడుతున్నాడనుకుంది. తర్వాత ఆ పొట్ట, ఆ పాత సైకిలు, వెనక కట్టుకున్న సంచీ చూశాక నవ్వొచ్చింది. వీడా నన్ను తరిమేది? వాడి పొట్టను వాడు మోసుకుంటే అదే పదివేలు!

ఆమె నీళ్లు తాగడానికి ఆగింది. పది అడుగుల అవతల అతనూ ఆగాడు. ఆమె ఎక్కితే అతనూ ఎక్కాడు. మూడోసారి కూడా అలాగే జరిగేసరికి తిరుమల ఉండబట్టలేకపోయింది.

"ఏందన్నా, నేను ఆగినప్పుడల్లా ఆగుతున్నవ్? దమ్ము సాల్తలేదా?"

"గట్లనే అనుకో చెల్లె."

"ఆ సంచిల ఏంది, సద్దా? గంత మూట కట్టుకొస్తే సైకిలేం నడుస్తది!"

అతను నవ్వాడు. సిగ్గు కూడా లేదు మనిషికి, అనుకుంది తిరుమల.

తర్వాతి ఎత్తు మీద ఆమె చైను ఊడిపోయింది. ఎంత లాగినా పడలేదు. కళ్లలో నీళ్లు తిరిగాయి.

అతను దిగి వచ్చి, కింద కూర్చుని, రెండు వేళ్లతో చైను పళ్ల మీదికి ఎక్కించి పెడల్ ఒక్కసారి తిప్పాడు. అర నిమిషం కూడా పట్టలేదు.

ఓహో, సైకిల్ షాపోడన్నమాట! టీషర్టు ఊరికే ఇస్తారని వచ్చినట్టున్నాడు.

"చేతులకు నూనె ఉన్నది, నా సీటు ముట్టకు," అంది. అతను చేతులు గడ్డికి తుడుచుకుని పక్కకు జరిగాడు.

అంతలోనే ఆమెకు భయం పట్టుకుంది. ఈ సందులో వీడు ముందుకు పోతే?

"అన్నా, ముందే చెప్తున్న. నేను ఆఖరుకొస్తే మావోళ్లు నా సైకిల్ అమ్మేస్తరు. నువ్వు నన్ను దాటొద్దు."

"దాట."

"దాటుదామన్నా దాటలేవనుకో. మాట కోసం చెప్తున్న."

"ఫికర్ చెయ్యకు చెల్లె. నీ తర్వాతనే నేను."

పాలకుర్తి ముందు ఆఖరి ఎత్తుకు ఆమె కాళ్లు మొండికేశాయి. దిగి నడిచింది. వెనక్కి చూస్తే అతనూ దిగి నడుస్తున్నాడు. నడకలో కూడా ఒక ఆడదాన్ని దాటలేని మగవాడు!

ఊరి మొదట్లో హోటల్ ముందు అందరూ చప్పట్లు కొట్టారు. తిరుమల సైకిల్ దిగీ దిగకముందే ఇంటికి ఫోన్ కలిపింది.

"ఇగో, ఇనున్రి! నేను ఆఖరు గాదు. నా ఎనక ఇంకొకడు ఈడ్సుకుంట వస్తాండు. అత్తమ్మకు చెప్పున్రి!"

ఆ ఊపులో అందరి ముందే అతని వైపు తిరిగింది.

"ఇంటికాడ కూసోని టీవీ చూడరాదే అన్నా! నీకెందుకీ గుట్టలు? పదిహేడు మందికి నువ్వొక్కనివి గుదిబండ."

ఎవరూ నవ్వలేదు.

"నిజమే చెల్లె," అని అతను చంద్రమౌళితో ఏదో రెండు మాటలు మాట్లాడి సైకిల్ వెనక్కి తిప్పాడు.

మిగతావాళ్లు తిరుగు ప్రయాణానికి సైకిళ్లను డీసీఎం వ్యానులోకి ఎక్కిస్తున్నారు. తిరుమల నీళ్ల సీసా పట్టుకుని చూస్తూ నిలబడింది. వచ్చిన దారిలో కాకుండా పక్కన ఇంకా నిటారుగా ఉన్న గుట్ట దారిని పట్టాడతను. సీటు మీంచి లేవకుండా, ఎక్కడా ఆగకుండా, పల్లంలో పోతున్నట్టు ఎక్కేసి అవతలికి మాయమయ్యాడు.

"ఎటు పోతాండాయన?" అంది.

"హన్మకొండకు. రామలింగం సార్ ఎన్నడూ బండెక్కడు, మల్ల సైకిల్ మీదనే పోతడు," అన్నాడు చంద్రమౌళి.

"గంత జోరుగ తొక్కెటోడు మరి ఆఖరుకెందుకొచ్చిండు?"

చంద్రమౌళి ఆమె వైపు వింతగా చూశాడు.

"మా అందర్ల గట్టిగ తొక్కెటోడు సారేనమ్మా, అందుకే ఎవలు ఆఖరుకుంటే వాళ్ల ఎనక ఆయననే పెడ్తం, ఒక్కలు గూడ దారిల మిగిలిపోవద్దని."